ఫియట్ ఒరుగుతోందని స్ప్రింగు కోయొద్దు

ప్రశ్న: అన్నా, మాది కడప. మా తాత 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజన్ పని చేయించాను, బాగుంది. రెండు వారాలకోసారి రాయచోటికి, అత్తగారింటికి పోతాం. గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో కారు బాగా ఒరుగుతుంది, టైర్లు కీచుమంటాయి. తిన్నని రోడ్డు మీద కూడా అరవై దాటితే స్టీరింగ్ వణుకుతుంది, కారు అటూ ఇటూ పోతుంది. షాపులో మూడు దారులు చెప్పారు. ముందు స్ప్రింగులు చెరొక చుట్టున్నర కోస్తే కారు కిందికి దిగి రోడ్డుకు అతుక్కుని పోతుందట. లేదంటే 13 అంగుళాల అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు వేయమన్నారు. అదీ చాలకపోతే ముందు సస్పెన్షన్ మొత్తం పీకేసి మారుతీ స్ట్రట్లు వెల్డింగ్ చేసి పెడతామన్నారు. తాతేమో ఆ కారుకు గ్యాస్ కట్టర్ తగిలితే నన్ను ఇంట్లోకి రానివ్వనంటున్నాడు. ఏం చేయమంటావు?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోవద్దు. ఈ విషయంలో నేను తాత పార్టీ. ఎందుకో చెబుతాను.

నీ ఉత్తరంలో రెండు వేరువేరు జబ్బులున్నాయి. మలుపులో ఒరగడం ఒకటి. అరవై దగ్గర స్టీరింగ్ వణకడం, కారు నిలకడగా పోకపోవడం రెండోది. షాపువాళ్ళు చెప్పిన మూడు మందులూ మొదటిదానికే. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నాకు భయం వేసింది మాత్రం రెండోదాన్ని చదివినప్పుడే. ఒరిగే కారుతో నెమ్మదిగా పోయి బతకొచ్చు. వణికే కారులో ఎక్కడో ఏదో లూజుగా ఉంది. ఆ లూజు అట్లాగే పెట్టి గట్టి స్ప్రింగు వేశామంటే, ప్రతి గుంత దెబ్బా పోయి దాని మీదే పడుతుంది.

నీ చేతిలో ఉన్న బండి డిజైన్ చిన్నదేం కాదు. 1953లో ఇటలీలో ఫియట్ 1100-103గా వచ్చిన కారు అది. మన దగ్గర బొంబాయి కుర్లాలో తయారై, పేర్లు మార్చుకుంటూ చివరికి పద్మిని అయింది. పేరు ఏదైనా మన సీమలో అందరికీ అది ఫియట్టే. 1089 సీసీ ఇంజను, దాదాపు తొమ్మిది వందల కిలోల బరువు. ముందు చక్రాలకు పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్, మధ్యలో కాయిల్ స్ప్రింగు. దీన్నే డబుల్ విష్‌బోన్ అంటారు. రేసు కార్లు కూడా వాడే పద్ధతి ఇది. దాన్ని పీకి మారుతీ 800 లాంటి చిన్న కారు స్ట్రట్టు (స్ప్రింగూ షాకబ్జరూ ఒకటిగా ఉండే నిలువు కడ్డీ) పెట్టడమంటే మేడ దిగి గుడిసెలో కాపురం పెట్టినట్టే. పైగా స్ట్రట్టు పైకొస దెబ్బంతా బానెట్ పక్కన లోపలి రేకు మీద పడుతుంది. నీ కారులో ఆ రేకు అంత దెబ్బ తట్టుకోవడానికి చేసింది కాదు. కాబట్టి మూడో సలహాకు ఇక్కడే దండం పెట్టేద్దాం.

(అంబాసిడర్ ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. మీ కారు ముందు కాయిల్ స్ప్రింగు ఉండదు, టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగు పని చేసే కడ్డీ) ఉంటుంది. కింద స్ప్రింగు గురించి చెప్పే లెక్కలు మీకు వర్తించవు. మిగతావి చాలావరకు వర్తిస్తాయి.)

ఇప్పుడు ఒక ఆదివారం పొద్దున చేయాల్సిన పని. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు నువ్వు, రెండోవారు తాత.

బండిని చదునైన చోట పెట్టు. కడపలో ఉండి చదునైన నేల కోసం వెతుక్కోనక్కర్లేదు, బండలు పరిచిన వాకిలో వసారానో ఉండే ఉంటుంది. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టు. ముందు ఒక పక్క జాకీతో ఎత్తి, స్టాండ్ పెట్టి, బరువు దాని మీదికి దించు. ఒట్టి జాకీని నమ్మి కారు కింద దూరొద్దు, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నా. ఇప్పుడు టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపు. లొడలొడమని ఆడుతోందా? ఆడితే అట్లాగే ఊపుతూ, లోపల కూర్చున్న తాతను బ్రేకు గట్టిగా తొక్కమను. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోయిందంటే లూజు వీల్ బేరింగ్‌లో ఉంది. డ్రమ్మునూ ప్లేటునూ బ్రేకు ఒకటిగా పట్టేసింది కాబట్టి బేరింగ్ ఆట కనపడకుండా పోయింది. బ్రేకు తొక్కినా ఆడుతూనే ఉంటే బేరింగ్‌ది కాదు తప్పు, కింగ్ పిన్‌దో (చక్రం కుడి ఎడమలకు తిరగడానికి ఇరుసులా నిలబడే పిన్ను) దాని బుష్షులదో (పిన్ను చుట్టూ ఉండే గొట్టాలు), లేదా ఆర్మ్ బుష్షులదో. టార్చి వేసి ఏ రెండు ముక్కల మధ్య కదలిక ఉందో చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత అదే టైరును కుడి ఎడమ పక్కల పట్టుకుని ఊపు. తాతను స్టీరింగ్ గట్టిగా పట్టుకోమను. ఇప్పుడు కనిపించే ఆట టై రాడ్ ఎండ్లదో (స్టీరింగ్ తిప్పుడును చక్రానికి చేర్చే కడ్డీల కొసలు), స్టీరింగ్ బాక్సుదో. ఒక్కొక్క ఎండు మీద వేలు పెట్టి చూడు, అరిగిపోయినది వేలికి టక్కుమని తగులుతుంది. కంటికంటే వేలికే ముందు దొరుకుతుంది.

స్టీరింగ్ బాక్సులో ప్లే (లూజు) ఉందని మెకానిక్ పైన స్క్రూ బిగిస్తానంటే కొంచెం ఆపు. బాక్సు లోపలి పళ్ళు ఎక్కువగా అరిగేది చక్రాలు తిన్నగా ఉండే నడిమి చోటనే, ఎందుకంటే బండి జీవితంలో ముప్పాతిక భాగం అక్కడే గడుస్తుంది. నడిమిలో ప్లే పూర్తిగా పోయేదాకా బిగిస్తే, అంతగా అరగని పక్కల్లో పట్టేస్తుంది. ఘాట్ మలుపులో స్టీరింగ్ తిప్పి, అది వెనక్కి రాకుండా అక్కడే నిలబడిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ముందు ఎండ్లు మార్చు, కింగ్ పిన్ చూడు, బాక్సు జోలికి ఆఖరున పో.

నా అనుమానం ఏమిటంటే నీ కారులో కింగ్ పిన్ బుష్షులు అయిపోయాయి. ఎన్నో ఏళ్ళు ఇంట్లో నిలబడిన బండి. కింగ్ పిన్‌కు గ్రీజు నిపుళ్ళుంటాయి (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు), వాటికి గ్రీజు కొట్టేవాళ్ళు తగ్గిపోయారు. కొట్టినవాళ్ళు కూడా బండిని నేల మీదే పెట్టి కొడతారు. చక్రం నేల మీద ఉంటే బరువంతా పిన్ను ఒక పక్క బుష్షును నొక్కి పట్టుకుని ఉంటుంది, గ్రీజు ఖాళీగా ఉన్న పక్కకు పోతుంది. అరిగే పక్కకు చేరదు. అందుకే జాకీతో ఎత్తి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ గన్ను కొట్టాలి. పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి, వెనకే కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టాలి. నేను రెండు నెలలకోసారి చేస్తాను, పావుగంట పని. కొత్త బుష్షులు కొట్టించాల్సి వస్తే పైదీ కిందిదీ ఒకే వరసలో పొడుగు రీమరుతో రీమ్ చేసే (రంధ్రాన్ని సరైన కొలతకు సాపు చేసే) లేత్ షాపుకే పో. ఒక్కో బుష్షును విడివిడిగా ఎమరీ కాగితంతో రుద్ది సరిచేస్తే పిన్ను ఒక మూల పట్టి, స్టీరింగ్ ఇనుములా బిగుసుకుంటుంది.

ముందు సస్పెన్షన్ అని నువ్వు రాశావు గానీ వెనక కమాన్లు (ఆకుల్లా పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు) చూశావా? చాలామంది ఇక్కడే మోసపోతారు. వెనక కమాన్ కట్టల కొసలను పట్టే షాకిల్ బుష్షులు అరిగినా, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులైనా వెనక యాక్సిల్ మొత్తం పిసరంత పక్కకు జరుగుతుంది. అది జరిగినప్పుడల్లా కారు దానంతట అదే మలుపు తిరగాలని చూస్తుంది. నువ్వు స్టీరింగ్‌తో సర్దుతావు, మళ్ళీ అది ఇటు జరుగుతుంది. తోలేవాడికేమో ముందు చక్రాలే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. యూ బోల్టులకు పానా వేసి చూడటం అయిదు నిమిషాల పని. ఆకుల్లో ఏదైనా విరిగిందేమో కూడా అప్పుడే చూసుకో.

ఇక స్ప్రింగు సంగతి.

తొంభైల చివర్లో నేను కూడా నీలాగే ఉన్నాను. అనంతపురంలో తెల్ల ఫియట్ నాది. కుర్రతనం, నలుగురు చూడాలన్న ఆశ. ఒక షాపులో చెరొక చుట్టు కోయించాను. ఆ సాయంత్రం క్లాక్ టవర్ చుట్టూ తిప్పుతుంటే కారు నిజంగానే ముందుకు వంగి, పరుగుకు సిద్ధమైన కోడెలా కనిపించింది. మరుసటి వారం నలుగురం ఎక్కి తాడిపత్రి దారి పట్టాం. ఒక కల్వర్టు దగ్గర రోడ్డు చిన్నగా లేచి ఉంటుంది, కొత్తవాళ్ళకు తెలియదు, నాకు తెలుసు, అయినా తగ్గలేదు. ముందు చక్రాలు రెండూ దబ్బుమని బంప్ స్టాపర్లకు (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మలు) కొట్టుకున్నాయి. వెనక కూర్చున్న మా బావ తల పైకప్పుకు తగిలింది. ఇంటికొచ్చి చూస్తే ఒక వైపు రబ్బరు చీలి ఉంది. అంతకంటే భయంకరమైనది తర్వాత పంక్చరుకు జాకీ ఎత్తినప్పుడు కనిపించింది. చక్రం కిందికి వేలాడగానే స్ప్రింగు దాని గూట్లో లూజై, కోసిన కొస పక్కకు తిరిగి నిలబడింది. స్ప్రింగు కొస గూట్లో కూర్చోవడానికని కంపెనీవాళ్ళు ఒక ఆకారంలో వంచి ఇస్తారు. మేము కోసేసింది దాన్నే.

ఇందులో ఉన్న లెక్క చెబుతాను, షాపులో ఇది ఎవరూ చెప్పరు. స్ప్రింగు గట్టితనం చుట్ల సంఖ్యకు తిరగేసి ఉంటుంది. పనిచేసే చుట్లు ఎనిమిది అనుకుందాం (నీవి లెక్కపెట్టి చూసుకో). చుట్టున్నర కోస్తే ఆరున్నర మిగులుతుంది, అంటే గట్టితనం సుమారు 23 శాతం పెరుగుతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ దాని కోసం చుట్టున్నర పొడుగు పోగొట్టుకున్నావు. పైగా స్ప్రింగు కూర్చునేది చక్రం దగ్గర కాదు, ఆర్మ్ మీద లోపలికి. సగం దూరంలో కూర్చుందనుకుంటే స్ప్రింగు ఒక సెంటీమీటరు తగ్గితే కారు ముందు భాగం రెండు సెంటీమీటర్లు దిగుతుంది. చక్రం పైకి లేవడానికి ఉన్న చోటంతా దిగడానికే ఖర్చయిపోతుంది. ఆపైన గుంత వస్తే స్ప్రింగు పని చేయదు, రబ్బరు పని చేస్తుంది. రబ్బరు మీద నడిచే కారు మలుపులో గుంత తగిలితే పట్టు తప్పి పక్కకు గెంతుతుంది.

దించితే ఒరగడం తగ్గుతుందన్నది కూడా సగం నిజం. కారు బరువు కిందికి దిగుతుంది, నిజమే. అదే సమయంలో ఆర్మ్‌ల వాలు మారుతుంది, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు కూడా దిగుతుంది. అది బరువుకంటే ఎక్కువ దిగితే ఒరగడం పెరుగుతుంది. ఇంకొకటి, టై రాడ్ ఒక వంపులో ఊగుతుంది, ఆర్మ్ ఒక వంపులో ఊగుతుంది. రెండు తాళ్ళూ ఒకే పొడుగున్న ఉయ్యాల తిన్నగా ఊగుతుంది, ఒక తాడు పొట్టిదైతే పీట మెలి తిరుగుతుంది చూడు, అట్లాగే. కంపెనీ పెట్టిన ఎత్తులో ఆ రెండు వంపులూ దాదాపు కలుస్తాయి. బాగా దించితే కలవవు, గుంత తగిలిన ప్రతిసారీ చక్రం దానంతట అదే తిరుగుతుంది. నువ్వు పట్టుకున్నది స్టీరింగే గానీ తిప్పేది రోడ్డు.

కొందరు కోయరు, గ్యాస్ మంట పెట్టి స్ప్రింగు మెత్తబడి కుంగేదాకా కాలుస్తారు. అది ఇంకా అన్యాయం. ఆ మంటతో ఉక్కు పదును పోతుంది, ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

నిజంగా గట్టి స్ప్రింగే కావాలనిపిస్తే దానికి సరైన దారి ఉంది. గట్టితనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 12.5 మిల్లీమీటర్ల తీగతో, అదే చుట్లు, అదే వెడల్పుతో స్ప్రింగు చేయిస్తే దాదాపు 18 శాతం గట్టిపడుతుంది. అర మిల్లీమీటరు! కోయకుండా, దించకుండా. అయితే అది స్ప్రింగు ఉక్కుతో, సరిగ్గా పదును పెట్టి చేసేవాళ్ళే చేయాలి. పాత స్ప్రింగును నమూనాగా ఇచ్చి చేయించుకోవాలి. తీసేటప్పుడు స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా ఆర్మ్ బోల్టు విప్పొద్దు. కారు ముందు బరువును మోసే బలం అందులో నొక్కి పెట్టి ఉంది, ఒక్కసారిగా వదిలితే గోడకు బొక్క పడుతుంది. ఆ గోడకు ముందు ఎవరున్నా అంతే. ఇంకో సంగతి, కొత్త స్ప్రింగు చేయించే ముందు ఉన్న స్ప్రింగులు కుంగాయేమో చూసుకో. ఖాళీ కారును బండల మీద పెట్టి, రెండు పక్కలా చక్రం నడిమి నుంచి ఫెండర్ అంచుకు టేపు పెట్టి కొలువు. ఒక పక్క కంటే ఇంకో పక్క వేలెడు తక్కువుంటే, కంపెనీ కొలతల కొత్త జత వేసినా చాలు, సగం ఒరుగుడు పోతుంది.

షాకబ్జర్ల గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆశ్చర్యంగా ఉంది. షాకబ్జరు ఒరగడాన్ని ఆపదు, కానీ ఎంత వేగంగా ఒరగాలో అది నిర్ణయిస్తుంది. మనకు భయం పుట్టించేది ఒరిగే కొలత కాదు, ఒరిగే తీరు. మెల్లగా ఒరిగి నిలబడే కారును నమ్మి తోలొచ్చు. దభీమని పడే కారు అదే కోణానికి ఒరిగినా గుండె జారుతుంది. విప్పి చేత్తో పట్టుకుని నిలబెట్టి, లాగి నొక్కి చూడు. మొదటి రెండు మూడుసార్లు గాలి ఉండి వదులుగా పోవచ్చు. ఆ తర్వాత మొదలు నుంచి చివరిదాకా ఒకే రకంగా బరువుగా పోవాలి, లాగేటప్పుడు ఇంకొంచెం బరువుగా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా ఖాళీ తగిలినా, రాడ్డు చుట్టూ నూనె తడి ఉన్నా దాని పని అయిపోయినట్టే. వేరే కారువి వేస్తానంటే మూసినప్పుడు ఎంత పొడుగు, తెరిచినప్పుడు ఎంత పొడుగు, రెండూ కొలిచి పాతవాటితో సరిపోల్చు. మూసిన పొడుగు ఎక్కువైతే బంప్ స్టాపర్ కంటే ముందే షాకబ్జరు అడుగు తగిలి, దాని మౌంటు పీకేస్తుంది.

ఆర్మ్ బుష్షులు మార్చించేటప్పుడు ఒక్క చిన్న సంగతి మెకానిక్ పక్కనే నిలబడి చూడు. బోల్టులు ఆఖరుగా బిగించేది కారు నేల మీద, తన బరువు మీద ఉన్నప్పుడే. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. కారు కిందికి దించగానే అది మెలి తిరిగి, ఎప్పుడూ మెలి తిరిగే ఉండి, ఆర్నెల్లలో చిరిగిపోతుంది. చాలామంది కొత్త బుష్షులు నాసిరకం అని తిట్టుకుంటారు గానీ తప్పు చాలాసార్లు ఈ బిగింపుదే. పాలీయూరిథేన్ బుష్షులు వేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. స్టెబిలైజర్ బార్ బుష్షులకైతే సరే, మంచిదే. ఆర్మ్‌లకు వద్దు, మన రోడ్లకు అవి మరీ గట్టి, గ్రీజు ఆరిపోతే కీచుకీచుమని చంపుతాయి.

స్టెబిలైజర్ బార్ అంటే ముందు రెండు కింది ఆర్మ్‌లనూ కలుపుతూ అడ్డంగా ఉండే వంగిన ఇనుప కడ్డీ. ఒరగడానికి నిజమైన మందు ఇదే. ముందు దాని రబ్బర్లూ బిగింపులూ చూడు, అవి పోయి ఉంటే బార్ ఉన్నా లేనట్టే. అవి మార్చాక కూడా చాలదనిపిస్తే లావు బార్ గురించి ఆలోచించు. ఇక్కడా నాలుగో ఘాతమే. 16 మిల్లీమీటర్ల బార్ బదులు 18 వేస్తే 60 శాతం గట్టిపడుతుంది. అందుకే తొందరపడి 22, 24 అనొద్దు. ముందు భాగం మరీ గట్టిపడితే మలుపులో కారు స్టీరింగ్ తిప్పినంత తిరగదు, తిన్నగా బయటి అంచుకు పోవాలని చూస్తుంది. గువ్వలచెరువులో బయటి అంచు అంటే ఏమిటో నీకే తెలుసు.

టైర్ల సంగతి. నీ కారుకు కంపెనీ ఇచ్చింది 5.20-14, నైలాన్ టైరు. ఇప్పటికీ అదే ఉంటే రేడియల్‌కు మారడం కంటే పెద్ద మార్పు ఇంకేదీ లేదు, మొత్తం ఈ జవాబులో నువ్వు డబ్బు పెట్టదగిన మొదటి చోటు అదే. 155/80 ఆర్14 పాతదానికి ఎత్తులో బాగా దగ్గర, దాని ఎత్తు సుమారు 604 మిల్లీమీటర్లు. 165/80 ఆర్14 అయితే 620. షాపువాళ్ళు చెప్పిన 13 అంగుళాల రిమ్ముకు 175/70 టైరు వేస్తే 575కు దిగుతుంది. కారు నేలకు ఒకటిన్నర సెంటీమీటరు దగ్గరవుతుంది, స్పీడోమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పవర్ స్టీరింగ్ లేని బండి, పార్కింగులో తిప్పేసరికి నీ భుజాలు దిగుతాయి. అల్లాయ్ వీలు బయటికి పొడుచుకు వచ్చే రకమైతే వీల్ బేరింగ్ మీదా, నువ్వు ఇప్పుడే మార్చబోయే కింగ్ పిన్ మీదా మోపు పెరుగుతుంది. పాత రిమ్ముల్లో ట్యూబు తప్పక వేసుకో, అవి ట్యూబ్‌లెస్ కోసం చేసినవి కావు. నాలుగూ ఒకే రకం వేయాలి. ముందు రేడియల్, వెనక నైలాన్ అని సర్దుకుంటే కారు మలుపులో రెండు మనసులతో పోతుంది. టైరు పక్కన చిన్న గుండ్రటి గీతలో నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పైన గళ్ళు నిండుగా ఉన్నా పదేళ్ళ టైరు కొనొద్దు. టైర్లు వేయించగానే బ్యాలెన్సింగ్ చేయించు. అరవై దగ్గర వచ్చే వణుకు అక్కడే పోతే అదృష్టం, పోకపోతే పైన చెప్పిన కింగ్ పిన్ దగ్గరికే తిరిగి రావాలి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడు. కడప ఎండలో గంటసేపు నడిచిన టైరులో గాలి ఎక్కువుందని తీసేస్తే తెల్లారేసరికి తక్కువై కూర్చుంటుంది.

అలైన్‌మెంట్ ఆఖరున, అన్నీ మార్చాక. లూజు ఉన్న చక్రానికి అలైన్‌మెంట్ చేయించడం గాలికి కొలత పెట్టడమే. కొత్త కంప్యూటర్ షాపుల్లో ఫియట్ లెక్కలు ఉండకపోవచ్చు, నువ్వే మాన్యువల్ పేజీ ఫొటో తీసి చూపించు. ఇంట్లో కూడా టో (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్న కొలత) చూసుకోవచ్చు. ముందు చక్రాన్ని ఎత్తి, టైరు గళ్ళ మీద సుద్ద పూసి, ఒక పెట్టె మీద మేకు ఆనించి కదలకుండా పట్టుకుని చక్రం తిప్పు. సుద్దలో సన్నటి గీత చుట్టూ పడుతుంది. రెండో చక్రానికీ అంతే. కారు దించి, ముందుకు ఒక గజం తోసి నిలబెట్టు, అప్పుడు సస్పెన్షన్ సర్దుకుంటుంది. యాక్సిల్ ఎత్తులో ఆ రెండు గీతల మధ్య దూరం ముందు పక్కా వెనక పక్కా టేపుతో కొలువు. వెనక చక్రాలు తోసే ఇటువంటి కార్లకు ముందు దూరం కొన్ని మిల్లీమీటర్లు తక్కువుండాలి. పోయేటప్పుడు రోడ్డు చక్రాలను కొంచెం విప్పుతుంది కాబట్టి ఆ తక్కువ అక్కడ సర్దుకుంటుంది. ఆర్మ్‌లు విప్పినప్పుడు వాటి కింద పలుచటి రేకు ముక్కలు (షిమ్ములు) కనిపిస్తే ఎక్కడ ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి పెట్టు. చెత్త అనుకుని ఊడ్చేస్తే క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం), క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) రెండూ పోతాయి. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అదే తిన్నగా వచ్చేది ఆ క్యాస్టర్ వల్లనే.

చట్టం గురించి రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి స్ట్రట్ వెల్డింగ్ అంటే ఆర్‌సీ రెన్యువల్‌కు పోయినప్పుడు ఇబ్బంది, అంతకు ముందే ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇంకా ఇబ్బంది. అరిగిన భాగం తీసి అదే భాగం కొత్తది వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంకో విషయం, 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమం యాభై ఏళ్ళు దాటిన బండ్లకు, అదీ ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉన్నవాటికి. నీ కారుకు 2036లో ఆ వయసొస్తుంది. ఈరోజు రేకు కోశావంటే అప్పుడు చెప్పుకోవడానికేమీ ఉండదు. ఈ సంగతి తాతకు చెప్పు, సంతోషిస్తాడు.

ఒక ప్రశ్న నువ్వు అడగలేదు గానీ నేనే అడుగుతున్నా. రాయచోటి నుంచి తిరిగొచ్చేటప్పుడు, గువ్వలచెరువు దిగి కడపకు వచ్చే దారిలో ఏ గేరులో వస్తావు? నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. టాప్ గేరులో దిగుతూ బ్రేకు మీదే కాలు పెడితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఒక డ్రమ్ము ఎక్కువ వేడెక్కితే కారు ఒక పక్కకు లాగుతుంది, దాన్నే నువ్వు సస్పెన్షన్ తప్పు అనుకుని ఉండొచ్చు. పైన కోవా కొనుక్కోవడానికి ఎట్లాగూ ఆగుతావు కదా, అక్కడే సెకండు గేరు వేసి దిగడం మొదలుపెట్టు.

భాగాల కోసం మద్రాసు పుదుపేటకు పోవాల్సి రావచ్చు, లేదా ముంబై నుంచి తెప్పించుకోవాలి. అక్కడ ఈ బండ్లు 2023 దాకా టాక్సీలుగా తిరిగాయి కాబట్టి సరుకు ఇంకా దొరుకుతుంది. ఎక్కడికి పోయినా ఫొటో చూపించి కొనకు. ఏళ్ళ తరబడి తయారైన కారు, ఒక ఏడాది భాగం ఇంకో ఏడాదికి దగ్గరగా ఉంటుంది గానీ సరిపోదు. తీసిన పాత కింగ్ పిన్నూ బుష్షూ గ్రీజు తుడిచి, గుడ్డలో చుట్టి, సంచిలో వేసుకుని పో. అంగడి వాడి బల్ల మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెట్టి, వెర్నియర్‌తో రెండింటి లావూ కొలిపించాకే డబ్బు ఇవ్వు.